రాయితీల జాబితా మళ్ళీ రాసుకుందాం

(తిరుపతిలో ఉద్యోగులు, పెన్షనర్ల సమావేశంలో ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

రాష్ట్ర ఉద్యోగులు, రైల్వే వాళ్ళు, పోస్టల్ వాళ్ళు, ఆర్టీసీ వాళ్ళు, పెన్షనర్లు అందరూ ఒకే హాల్లో కూర్చోవడం మన తిరుపతిలో అరుదు. ఎవరి సంఘం వాళ్ళది, ఎవరి మీటింగు వాళ్ళది. అందుకని అందరికీ వర్తించే సంగతే మాట్లాడదామని వచ్చాను. ఉద్యోగంతో పాటు మనకు వచ్చే భత్యాలు, అడ్వాన్సులు, పాసులు, సౌకర్యాలు. వీటిలో చాలావాటికి కాలం చెల్లింది. ఏవి చెల్లిపోయాయో మనమే ఒప్పుకొని, వాటి బదులు ఇప్పటి పనికి ఏం కావాలో గట్టిగా అడగాలి. నేను చెప్పదలచుకున్నది అదే. సంఘాల్లో ఈ మాటంటే కొందరికి కోపమొస్తుంది. వచ్చినా ఫర్వాలేదు, చివరిదాకా వినండి.

నా సర్వీసంతా ట్రెజరీలోనే గడిచింది. ఏ శాఖ బిల్లయినా మా బల్ల మీదికి రావాల్సిందే. ఏ రాయితీ ఎవరికి ఎంత అందుతుందో, ఏది కాగితం మీద మాత్రమే ఉందో బిల్లులు చూస్తే తెలిసిపోతుంది.

ముందు పోస్టుమ్యాన్ సంగతి తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వంలో సైకిల్ భత్యం అని ఒకటుంది. నెలకు 90 రూపాయలు ఉండేది. కేంద్ర ఉద్యోగుల జీతభత్యాలను సమీక్షించే ఏడో వేతన సంఘం దాన్ని తీసేయమంది. కేంద్ర మంత్రివర్గం 2017 జూన్‌లో భత్యాల మీద నిర్ణయం తీసుకున్నప్పుడు పోస్టుమ్యాన్లకూ రైల్వే ట్రాక్‌మ్యాన్లకూ మాత్రం దాన్ని ఉంచి, రెట్టింపు చేసింది. అంటే నెలకు 180 రూపాయలు. పెరిగినందుకు అప్పుడు సంతోషించినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు లీటరు పెట్రోలు వంద దాటింది. 180 రూపాయలకు రెండు లీటర్లు కూడా రాదు. పలమనేరు వైపు, పుంగనూరు వైపు ఊరికీ ఊరికీ మధ్య గుట్టలు దాటి ఉత్తరాలు, పార్సిళ్ళు మోసే మనిషి ఇవాళ సైకిలు మీద పోతున్నాడా? సొంత బండి మీద పోతున్నాడు. పార్సిలు సంచి బరువుకి బండి వెనకచక్రం టైరు ఎంత త్వరగా అరుగుతుందో ఆయన్నే అడగండి. ఆన్‌లైన్‌లో కొన్న సరుకు పెరిగేకొద్దీ ఆ బరువూ పెరిగింది. భత్యం పేరు మాత్రం సైకిల్ దగ్గరే ఆగింది. లెక్క కూడా అక్కడే ఆగింది.

ఏడో వేతన సంఘం మొత్తం 196 భత్యాలను పరిశీలించింది. యాభైకి పైగా రద్దు చేయమంది, ముప్పైకి పైగా భత్యాలను వేరేవాటిలో కలిపేయమంది. రద్దు చేయమన్నవాటిలో ఓ డజనును మంత్రివర్గం ఉంచేసింది. ఆ 196 భత్యాల జాబితాలో క్షవరం భత్యం ఉంది, సబ్బు భత్యం ఉంది, కళ్ళజోడు భత్యం ఉంది, అంత్యక్రియల భత్యం ఉంది. వీటిని చూసి నవ్వేవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ప్రతిదాని వెనకా ఒక రోజున ఎవరో కష్టపడి అడిగి సాధించుకున్న కథ ఉంటుంది. సబ్బు కొనుక్కోవడం బరువైన జీతాలవి. ఆ రోజుకి అది న్యాయమే. ఈ రోజుకి కాదు, అంతే తేడా.

కుటుంబ నియంత్రణ భత్యం చూడండి. తక్కువ మంది పిల్లలతో ఆపరేషన్ చేయించుకున్న కేంద్ర ఉద్యోగికి ప్రతి నెలా జీతంతో పాటు ఇచ్చేవారు. ఆరో వేతన సంఘం తర్వాత కనీసం 210 రూపాయలు, పైన వెయ్యి దాకా ఉండేది. జనాభా తగ్గించడం దేశం ముందున్న పెద్ద పనిగా భావించిన రోజుల్లో పెట్టారు. 2017 జూలై 1 నుంచి తీసేశారు. మన రాష్ట్రంలోనైతే పరిస్థితి పూర్తిగా తిరగబడింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున 1.7 మంది పిల్లలని తేలింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధన మనకు 1994 నుంచి ఉండేది. 2024 నవంబరులో అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. ఇంకా పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రి స్థాయిలో చెబుతున్నారు. ప్రభుత్వ విధానమే ఇలా తిరిగిపోతే, పాత విధానం కోసం పుట్టిన రాయితీ పట్టుకొని కూర్చుంటే ఏం లాభం? ఆ 210 పోయిందని కోర్టుకెళ్ళే బదులు, పిల్లల్ని కంటే ఆఫీసులో చూసుకునే చోటు ఎక్కడుందని అడగాలి. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే దాని గురించి. జీఐఎస్, గ్రూప్ ఇన్సూరెన్స్. మీ పే స్లిప్పులో ఎప్పుడైనా ఆ గడి చూశారా? నెలకు కోత 15, 30, 60, 120 రూపాయలు. మీ గ్రూపును బట్టి ఈ నాలుగంకెల్లో ఒకటి ఉంటుంది. కేంద్ర ఉద్యోగులకు ఈ రేట్లు 1990 జనవరి నుంచి మారలేదు. మన రాష్ట్ర పథకం 1984 నవంబరులో మొదలైంది. మనకూ యూనిట్ 15 రూపాయలే, 1990ల నుంచి అలాగే ఉంది. 15 రూపాయలు కట్టే ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే బీమా 15 వేలు. 30 కట్టేవారికి 30 వేలు. పెద్ద అధికారికి లక్షా ఇరవై వేలు. దీనికి తోడు పొదుపు భాగం కింద దాచిన సొమ్ము వడ్డీతో వస్తుంది. కోసిన దాంట్లో 70 శాతం పొదుపు, 30 శాతం బీమా.

1990లో 10 గ్రాముల బంగారం ధర మూడు వేల చిల్లర. అంటే 30 వేలంటే దాదాపు 90 గ్రాముల బంగారం. ఇంటి యజమాని పోతే ఆ కుటుంబం కొన్నాళ్ళు నిలదొక్కుకోవడానికి సరిపోయేది. ఇప్పుడు 10 గ్రాములు లక్ష దాటింది. అదే 30 వేలకు 3 గ్రాములు కూడా రాదు.

నేను చిత్తూరు వైపు పనిచేసేటప్పుడు ఒక ఆఫీసు అటెండరు సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన భార్య కాగితాలు పట్టుకొని వచ్చింది. డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం జిరాక్సు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరు తడవకుండా మరో కవరులో పెట్టి తెచ్చింది. పెద్ద కొడుకు పక్కనే నిలబడ్డాడు, ఇంటర్ చదివే పిల్లాడు. బీమా అని ఆ ఇంట్లో పెద్ద ఆశ పెట్టుకున్నారు. జీతంలో నెలనెలా కోస్తున్నారు కదా, ఏ రెండు మూడు లక్షలో వస్తాయనుకున్నారు. నేను అంకె చెప్పాను. ఆమె, "ఇంతేనామ్మా వచ్చేది? ఇన్నేండ్లు కోసినారు కదా" అంది. ఆ పిల్లాడు నా బల్ల మీద కాగితాన్ని తనవైపు తిప్పుకొని, ఒక సున్నా నేను వదిలేశానేమోనని చూసుకున్నాడు. నేను వదల్లేదు. ఉన్నది అంతే.

ఇందులో నిబంధన తప్పిన మనిషి ఎవరూ లేరు. బిల్లు సరైనదే, లెక్క సరైనదే, ట్రెజరీ సకాలంలోనే పాస్ చేసింది. బీమా పేరుతో ఒక అంకెను ముప్పై ఏళ్ళకు పైగా కదలకుండా ఉంచడమే అన్యాయం. ఏడో వేతన సంఘం దీన్ని పెంచమని సిఫారసు చేసింది కూడా. కేంద్రంలో బీమా మొత్తం 15 లక్షలు, 25 లక్షలు, 50 లక్షలు చేయమంది. అందుకు నెలకు కోత 1,500, 2,500, 5,000 అంది. కోత ఎక్కువని ఉద్యోగులు ఒప్పుకోలేదు, ప్రభుత్వమూ అమలు చేయలేదు. ఏమైంది? 30 రూపాయల కోత 30 రూపాయలుగానే, 30 వేల బీమా 30 వేలుగానే ఉండిపోయాయి. 1,500 ఎక్కువే. ఒప్పుకుంటాను. మరి 300 దగ్గర మాట్లాడలేమా? బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు కడితే 2 లక్షలు ఇస్తున్నారు. కూలి పనికి పోయే మనిషికి దొరికే బీమాలో ఆరో వంతు కూడా ప్రభుత్వోద్యోగి 30 రూపాయల గడిలో లేదు. ఇక్కడున్నవాళ్ళలో ఇంకా ఆ 436 పథకంలో చేరనివాళ్ళు, 50 ఏళ్ళు దాటకముందే రేపు బ్యాంకుకెళ్ళి చేరండి. మీ జీతం ఖాతా మీద బ్యాంకు ఇచ్చే ప్రమాద బీమా ఎంతుందో కూడా కనుక్కోండి. చాలామంది ఇళ్ళల్లో అలాంటిదొకటి ఉందని భార్యలకు తెలియదు.

ఇంటి అద్దె సంగతికొద్దాం. హెచ్ఆర్ఏ జనాభాను బట్టి ఇస్తారు. ఏ జనాభా? 2011 లెక్కలు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. వచ్చేది 2027లో. ఈలోగా మన తిరుపతి ఎలా మారింది? 2011లో కార్పొరేషన్ జనాభా 2 లక్షల 87 వేలు. చుట్టుపక్కలన్నీ కలిపి పట్టణ ప్రాంతంగా లెక్కేసినా ఐదు లక్షలు దాటలేదు. అందుకని కేంద్ర ఉద్యోగుల లెక్కలో తిరుపతి జెడ్ తరగతి, అంటే అన్నిటికంటే తక్కువ అద్దె భత్యం. ఇక్కడి రైల్వే ఉద్యోగికైనా, పోస్టాఫీసు ఉద్యోగికైనా, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ సిబ్బందికైనా అదే. బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో రెండు గదుల ఇల్లు అద్దెకు అడిగి చూడండి. ఇక్కడ అద్దె స్థానికుల సంఖ్యను బట్టి నడవదు. రోజూ కొండకు వచ్చే యాత్రికులు, హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు, హోటళ్ళలో పనికొచ్చేవాళ్ళు అందరూ కలిసి ఆ అద్దె నిర్ణయిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా అయింది. చిత్తూరు నుంచి ఎన్నో ఆఫీసులు, వాటితో పాటు కుటుంబాలు ఇక్కడికి మారాయి. యాత్రా స్థలాలకు అద్దె భత్యం లెక్క వేరుగా ఉండాలని తిరుపతి నుంచే డిమాండు పోవాలి. ఇంకెవరు అడుగుతారు?

పాసులు, ఫోన్ల గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. టెలిఫోన్ శాఖలో పనిచేసేవాళ్ళకు ఇంటికి ఫోను పెద్ద గౌరవంగా ఉండేది. కనెక్షన్ కోసం ఊళ్ళో జనం ఏళ్ళ తరబడి వరుసలో ఉన్న రోజుల్లో వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. ఇప్పుడు ఆ రాయితీకి విలువ లేదని అందరికీ తెలుసు. ఆర్టీసీ వాళ్ళ కుటుంబ పాసు కూడా సగం అలాగే అయింది. 2020 జనవరి 1 నుంచి మీరు ప్రభుత్వోద్యోగులయ్యారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో రాష్ట్రంలోని మహిళలందరికీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. నాకు తెలిసిన ఒక కండక్టరు తమ్ముడు చెప్పాడు: "మా ఇంటామెకు పాసుందని చెప్పుకునేవాణ్ణి మేడం. ఇప్పుడు ఆధార్ చూపిస్తే అందరికీ జీరో టికెట్టే." మంచిదే, ఆడవాళ్ళు తిరుగుతున్నారు, చదువుకీ పనికీ పోతున్నారు, ఆ పథకాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ బస్సులో జనం పెరిగారు, కండక్టరు పని పెరిగింది. పాసు విలువ తగ్గిన చోట ఏం అడగాలి? మహిళా కండక్టర్లకు ప్రతి బస్టాండులో తాళమేసుకోగల విశ్రాంతి గది, శుభ్రమైన మరుగుదొడ్డి. చివరి ట్రిప్పు దిగాక ఇంటికి చేర్చే ఏర్పాటు. నేనైతే ముందు ఇవే రాస్తాను. రైల్వే పాసు అలా కాదు. అది ఇంకా పనికొచ్చేదే, ఉంచుకోండి. దాని జోలికి నేను పోను.

కొన్నిటిని మాత్రం ఏ బదులూ అడగకుండా వదిలేయాలి. అధికారి ఇంట్లో ప్రభుత్వ జీతం మీద పనిచేసే మనుషుల సంగతి చెబుతున్నాను. పక్కనున్న తమిళనాడులో ఆర్డర్లీ వ్యవస్థను 1979లోనే రద్దు చేశారు. అయినా అది పోలేదు. 2022లో మద్రాసు హైకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రైల్వేలో బంగళా ప్యూన్లుగా పనిచేసేవారి కొత్త నియామకాలను 2020 ఆగస్టులో ఆపారు. అంతకు మూడేళ్ళ ముందు, 2017లో, పై అధికారుల ఇళ్ళల్లో పనిచేస్తున్న దాదాపు 30 వేల మంది ట్రాక్‌మ్యాన్లను తిరిగి పట్టాల పనికి పంపమన్నారు. ముప్పై వేల మంది! పట్టాలు చూడాల్సిన మనుషులు వాళ్ళు. ఒక బోల్టు వదులైతే ఎన్ని ప్రాణాలు పోతాయో రైల్వే వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కూరగాయలు తేవడానికి, పిల్లల్ని బడికి దించడానికి, కుక్కను తిప్పడానికి వాళ్ళను పెట్టుకున్నారు. దీన్ని హోదా అనుకున్న తరం మాది. మీ తరం అలా అనుకోకూడదు. మన ఆఫీసుల్లో ఇప్పటికీ అటెండరును, అవుట్ సోర్సింగ్ పిల్లను ఇంటి పనికి పిలిచేవాళ్ళున్నారు. ఏ జీవోలోనూ లేని రాయితీ ఇది. జీవోలో లేదు కాబట్టి రద్దు చేయడానికి జీవో కూడా అక్కర్లేదు. పిలిచేవాళ్ళు మానేస్తే చాలు. మానకపోతే సంఘం తరఫున రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేసే ధైర్యం ఆ అటెండరుకు ఉండదు, మనకుండాలి.

ఇక ఇప్పటి పనికి ఏం కావాలి?

మొదట ఫోను. గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగుల పని చూడండి. 2024 జూలై నుంచి ఒకటో తేదీ పెన్షన్లు ఇంటింటికీ ఇస్తున్నారు. తెల్లవారకముందే లేచి, ముందు రోజు బ్యాంకులో తెచ్చిన నగదు సంచిలో పెట్టుకొని, వేలిముద్రల పరికరం ఫోనుకు తగిలించుకొని బయలుదేరతారు. తలకోన దారిలో యెర్రావారిపాళెం వైపు కొన్ని పల్లెల్లో సిగ్నలుండదు. ముసలమ్మ వాకిట్లో కూర్చునుంటుంది, వేలు కూడా పెడుతుంది, యాప్ తిరుగుతూనే ఉంటుంది. అవ్వను మెల్లగా నడిపించుకొని సిగ్నలొచ్చే చోటికి తీసుకుపోయి అక్కడ వేలిముద్ర వేయించిన పిల్లల్ని నేను చూశాను. ఆ ఫోను ఎవరిది? ఉద్యోగిది. అందులో డేటా ఎవరిది? ఉద్యోగిది. ఫోను పాడైతే? ఆ ఖర్చూ ఉద్యోగిదే. 2022లో టీచర్లకు ముఖం గుర్తించే హాజరు యాప్ తెచ్చినప్పుడూ ఇదే జరిగింది. సొంత ఫోనులో యాప్ వేసుకోమన్నారు. టీచర్లు ఆందోళన చేశారు. వాళ్ళడిగింది న్యాయం. ఆఫీసు పనికి ఆఫీసు ఫోను ఇవ్వాలి, లేదా ఫోనుకూ డేటాకూ నెలకింతని భత్యం ఇవ్వాలి. సైకిల్ భత్యం అడిగినవాళ్ళు ఆ రోజు చేసిన పని ఇదే. ఉద్యోగం చేయడానికి సొంత సొమ్ము పెట్టాల్సిన అవసరం ఎక్కడుందో కనిపెట్టి, దానికి భత్యం అడిగారు. మనం ఆ పని కొనసాగించాలి కానీ, వాళ్ళ జాబితాను కాపలా కాస్తూ కూర్చోకూడదు.

రెండోది పిల్లలు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ప్రైవేటు కంపెనీకి అంత చెప్పిన ప్రభుత్వం, వందల మంది పనిచేసే సొంత కార్యాలయాల్లో ముందు పెట్టి చూపించాలి. ప్రసూతి సెలవు 180 రోజులు. మంచి సౌకర్యమే. 181వ రోజున ఆ ఆరు నెలల బిడ్డ ఎక్కడుండాలి? ఊరి నుంచి అమ్మనో అత్తనో పిలిపించుకోవాలి. వాళ్ళకు ఒంట్లో బాగోకపోతే ఆ నెల అంతా టెన్షనే. మా ఆఫీసులో ఒకమ్మాయి రికార్డు రూములో, బిల్లు కట్టల మధ్య చీర పరిచి బిడ్డను పడుకోబెట్టేది. ఆ గదిలో దుమ్ముకు పెద్దవాళ్ళకే దగ్గొస్తుంది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, అదే మేము చేసిన ఉపకారం. ఒక గది, ఒక ఫ్యాను, ఒక ఆయా. దీనికి పెద్ద బడ్జెట్ కావాలా? తిరుపతి కలెక్టరేట్ చుట్టూ ఉన్న ఆఫీసులన్నీ కలిసి ఒకటి పెట్టుకున్నా వంద కుటుంబాలకు ఊపిరి ఆడుతుంది.

మూడోది హెల్త్ కార్డు. పేరుకి నగదు రహిత వైద్యం. కార్డు పట్టుకెళితే మంచాల్లేవంటారు, డబ్బు కడితే మంచం దొరుకుతుందంటారు. ఈ అనుభవం ఇక్కడ సగం మందికి ఉంటుంది, నేను వర్ణించక్కర్లేదు. ప్రభుత్వం ఆసుపత్రులకు బాకీ పడితే ఆసుపత్రి కార్డును వద్దంటుంది. కాబట్టి అడగాల్సింది కొత్త కార్డు కాదు. ఆసుపత్రి బిల్లులు ఇన్ని రోజుల్లో చెల్లించాలని గడువు, ఆ గడువు తప్పితే వడ్డీ. ఇది పీఆర్సీకి, అంటే రాష్ట్ర వేతన సవరణ సంఘానికి, మనమిచ్చే వినతిపత్రంలో మొదటి పేజీలో ఉండాలి.

ఇప్పుడు మీ మనసులో ఉన్న భయం గురించి మాట్లాడాలి. "మేడం, పాతది వదిలేస్తే అది పోతుంది, కొత్తది రాదు. ఉన్నది కూడా ఊడుతుంది." ఈ భయం ఉత్తది కాదు. 2022 జనవరిలో పీఆర్సీ జీవోల్లో నగరాల్లో ఉండేవాళ్ళకు అదనంగా ఇచ్చే సిటీ కాంపెన్సేటరీ అలవెన్స్ తీసేశారు. ఫిబ్రవరి 3న చలో విజయవాడకు అంతమంది కదిలి, ఆ తర్వాత చర్చలు జరిగితేనే అది తిరిగొచ్చింది. మనం చేతులు కట్టుకొని కూర్చుంటే వచ్చేది కాదు. అందుకే నేను వదిలేయండి అనడం లేదు, మార్చుకోండి అంటున్నాను. తీసేసే రాయితీ, దాని బదులు వచ్చే రాయితీ ఒకే జీవోలో, ఒకే తేదీ నుంచి అమల్లోకి రావాలి. అది లేకుండా సంతకం పెట్టకూడదు.

ఇలా మార్చుకోవడం సాధ్యమేనని కేంద్రమే ఒకసారి చూపించింది. 2020 అక్టోబరులో, కోవిడ్ వల్ల ఎవరూ ఎక్కడికీ పోలేని సమయంలో, సెలవులో ప్రయాణ ఖర్చుకు ఇచ్చే ఎల్టీసీకి బదులు క్యాష్ వోచర్ పథకం తెచ్చారు. ప్రయాణం చేయకుండానే, ఆ ఛార్జీకి మూడు రెట్లు విలువైన వస్తువులు కొంటే ఎల్టీసీ సొమ్ము ఇచ్చారు. 12 శాతం, ఆపైన జీఎస్టీ ఉన్న వస్తువులై ఉండాలి, డిజిటల్‌గా చెల్లించాలి, 2021 మార్చి 31లోగా కొనాలి. అదే రోజు పండగ అడ్వాన్సు కూడా ప్రకటించారు. ఏడో వేతన సంఘం తర్వాత రద్దయిపోయిన అడ్వాన్సు అది. పాత రోజుల్లో 4,500 ఉండేది. దాన్ని ఆ ఒక్కసారికి వడ్డీ లేకుండా 10 వేలు చేసి, కార్డు రూపంలో ఇచ్చి, పది వాయిదాల్లో పట్టుకున్నారు. షరతుల్లో లోపాలున్నాయి, మూడు రెట్లు ఖర్చు పెట్టమనడం చిన్న ఉద్యోగికి భారం. నేను ఆ పథకాన్ని పొగడటం లేదు. కానీ ఒక రాయితీని ఇంకో రూపంలోకి మార్చడానికి ప్రభుత్వానికి కొన్ని రోజులే పట్టిందని గుర్తుపెట్టుకోండి. బజారులో సరుకు అమ్ముడుపోవాలని ప్రభుత్వం మార్చగలిగినప్పుడు, పెన్షన్లు పంచే పిల్లల ఫోను ఖర్చు కోసం ఎందుకు మార్చలేదు?

సమయం కూడా సరైనదే. ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలకు కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరు 28న ఆమోదం తెలిపింది. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షురాలు, 18 నెలల గడువు. మన రాష్ట్రంలో 12వ పీఆర్సీ 2023 జూలై 1 నుంచి రావాల్సింది. రెండు చోట్లా మన మాట వినిపించాల్సిన కాలం ఇది. ఎప్పటిలాగే ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, ఎంత శాతం, డీఏ బకాయిలు ఎన్ని, ఈ రెండిటి మీదే మొత్తం బలం ఖర్చు చేస్తే మిగతావి చివరి పేజీలో ఒక పేరాగా మిగిలిపోతాయి. ఫిట్‌మెంట్ అడగొద్దని నేననను. సరెండర్ లీవు బిల్లులు, బకాయిలు రావాల్సిందే. వాటితో పాటే ఇవీ పోవాలి.

చివరగా ఒక మాట ఉంది, దాన్ని చెప్పకుండా దిగితే నాకు మనశ్శాంతి ఉండదు. ఈ హాలు బయట కుర్చీలు సర్దుతున్నవాళ్ళు, మన ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు, తెల్లారి నాలుగింటికే తిరుపతి వీధులు ఊడ్చేవాళ్ళు. ప్రభుత్వ అవుట్ సోర్సింగ్ కార్పొరేషన్ ఆప్కాస్ కిందో, ఇంకో ఏజెన్సీ కిందో పనిచేస్తున్నారు. మనం ఇంతసేపు చెప్పుకున్న ఏ రాయితీ వాళ్ళకు లేదు. పాతవీ లేవు, కొత్తవీ లేవు. అంగన్‌వాడీ అక్కలకు గ్రాట్యుటీ హక్కని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెబితే, మన రాష్ట్రంలో ఆ అక్కలు 2023 డిసెంబరులో సమ్మెకు దిగి నలభై రోజులకు పైగా రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం కూడా ప్రయోగించారు. ఆ రోజుల్లో మన పర్మినెంట్ సంఘాల్లో ఎంతమందిమి వాళ్ళ టెంటులో వెళ్ళి కూర్చున్నాం? నేనడిగేది బీమా, మరుగుదొడ్డి, పిల్లల గది. ఈ మూడింటికీ పర్మినెంట్ అని, అవుట్ సోర్సింగ్ అని గీత గీయకూడదు. పిల్లల గది పెడితే స్వీపరమ్మ బిడ్డ, సూపరింటెండెంట్ బిడ్డ ఒకే గదిలో ఉండాలి. వినతిపత్రంలో ఈ వాక్యం లేకపోతే నేను సంతకం చేయను.

మీ కుర్చీల మీద ఒక్కో తెల్ల కాగితం పెట్టించాను. దాని మీద ఎడమ వైపు, మీ శాఖలో ఇప్పటికీ బిల్లు పెడుతున్నా ఎవరికీ పనికిరాని రాయితీ రాయండి. కుడి వైపు, మీ పని కోసం మీరు జేబులోంచి పెడుతున్న ఖర్చు రాయండి. పెట్రోలా, డేటానా, జిరాక్సులా, నెలకు ఎంతో అంకె వేయండి. పేరు రాయక్కర్లేదు, శాఖ, హోదా రాస్తే చాలు. టీ తాగి వచ్చేలోపు వాటిని ముందు వరుసలో ఉన్న తమ్ముడికి ఇవ్వండి. శాఖల వారీగా విడదీసి ముసాయిదా మేము తయారుచేస్తాం, వచ్చే మీటింగులో చదివి వినిపిస్తాం. ఒప్పుకోనివి అక్కడే కొట్టేయండి.

ఇక ప్రశ్నలు. వెనక వరుసలో పోస్టల్ తమ్ముడు ఇందాకటి నుంచి చేయి ఎత్తి ఉన్నాడు, ఆయనకు మైకు ఇవ్వండి.